పశ్చిమ నెల్లూరు గృహజీవనము: పెరడు, పొయ్యి, చెక్కపని

ఆంధ్రదేశమున చేజర్ల యను పేరుగల గ్రామములు ఒకటికంటె ఎక్కువ కలవు. చరిత్ర చదివినవారికి చేజర్ల యనగానే స్ఫురించునది పల్నాటి చేజర్ల. అచ్చటి కపోతేశ్వరాలయము గజపృష్ఠాకారము గలదై, పూర్వము బౌద్ధ చైత్యమై యుండెనను అభిప్రాయమునకు ఆస్పదమై, శిల్పచరిత్రకారుల నెందరినో ఆకర్షించినది. ఈ వ్యాసమునకు విషయమైనది ఆ చేజర్ల కాదు. నెల్లూరు జిల్లాలో పెన్నానదికి చేరువను ఆత్మకూరు సీమకు చెంది, నేడు మండల కేంద్రమై యున్న చేజర్ల వేరు. ఈ రెంటిని కలిపివేసి, ఒకదాని శాసనమును మరొకదాని కంటగట్టుట నేను విద్యార్థుల వ్రాతలలో ఒకటి రెండు తావుల గమనించితిని. కావున ముందుగా ఈ మాట చెప్పవలసి వచ్చినది.

పల్నాటి చేజర్లకు ఆలయ మున్నది. మన చేజర్లకు, ఆత్మకూరు, ఉదయగిరి పల్లెలకు ఉన్నది పెరడు. ఈ మాట హాస్యమునకు అన్నది కాదు. ఒక సీమలోని సామాన్య కుటుంబము కొద్దిపాటి వనరులతో ఏమి పండించుకొన్నది, ఏమి వండుకొన్నది, చేతితో ఏమి చేసికొన్నది అను ప్రశ్న చరిత్రలో భాగమే. దానికి సమాధానము రాతిమీద దొరకదు గనుక మనము అడుగుట మానివేసితిమి.

నెల్లూరు జిల్లా అన్నంతనే బయటివారికి వరిపైరు, మొలగొలుకుల బియ్యము, చేపల పులుసు జ్ఞప్తికి వచ్చును. అది తూర్పు నెల్లూరు. పెన్న వెలికొండలను చీల్చుకొని సోమశిలకడ మైదానమున ప్రవేశించును. ఆ కొండల నంటియున్న పడమటి తాలూకాలు చిరకాలము చెరువులను, వానలను, బావులను నమ్ముకొన్న మెట్ట భూములు. జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, ఆరిక అచ్చటి ధాన్యములు. వరియన్నము పండుగనాటి భోజనము. అతిథి వచ్చిననాటి మర్యాద. ఒకే జిల్లాలో యాభై అరువది మైళ్ల దూరమున అన్నమను మాటకే అర్థము మారిపోవుట గమనింపదగినది. తూర్పున 'అన్నము తింటిరా?' అని అడిగినచో బియ్యము. పడమట పెద్దల నోట అదే ప్రశ్న 'సంగటి తింటిరా?' అని వినవచ్చెడిది.

ఈ సీమ చరిత్రకు మనకున్న ఆధారములు తక్కువవి కావు. బట్టర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు సంకలనము చేసిన నెల్లూరు జిల్లా శాసనములు 1905 లో మూడు సంపుటములుగా వెలువడినవి. అంతకు పూర్వము 1873 లో బాస్వెల్ దొర రచించిన నెల్లూరు జిల్లా మాన్యువలు ప్రకటింపబడినది. 1821 లో మరణించిన కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియతులు స్థానిక చరిత్రలకు గనివంటివని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే శాసనము దానమునకు సాక్ష్యము, కైఫియతు హక్కునకు సాక్ష్యము, మాన్యువలు శిస్తునకు సాక్ష్యము. దానము, హక్కు, శిస్తు, ఈ మూడింటిలో దేనికిని అందనిది పెరటిలోని సొరపాదు. దానిపై శిస్తు లేదు. దానిని ఎవ్వరును దేవునికి ధారపోయలేదు. దానిగూర్చి సరిహద్దు తగవు రాలేదు. కనుకనే అది పత్రములలోనికి ఎక్కలేదు. పురుషులు సంతకములు పెట్టిన ప్రతి కాగితమును భద్రపరచితిమి. స్త్రీలు నడపిన సంసారమునకు కాగితమే పుట్టలేదు.

ఇట్టిచోట సాహిత్యము కొంత ఆదుకొనును. ఉదయగిరికిని తెలుగు సాహిత్యమునకును గల సంబంధమున ఒక చిత్రమైన ఘట్టము కలదు. శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై దండయాత్ర ఆరంభించి మొట్టమొదట ముట్టడించినది ఉదయగిరి దుర్గమునే. ముట్టడి ఇంచుమించు ఏడాదిన్నర సాగినది. 1514 లో దుర్గము వశమైనది. అచ్చటినుండి కొనిపోయిన బాలకృష్ణుని విగ్రహమునకు విజయనగరమున ఆలయము కట్టించి 1515 లో ప్రతిష్ఠ చేయించెను. ఆ కళింగ దండయాత్ర సందర్భముననే కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున కనిపించి తెలుగున కావ్యము వ్రాయుమని ఆనతిచ్చినట్లు ఆముక్తమాల్యద అవతారికలో చెప్పబడినది. అట్లు పుట్టిన కావ్యమున రాజు వర్ణించినది కోటలనే కాదు, ఒక గృహస్థు వంటింటిని కూడ.

విష్ణుచిత్తుడు వైష్ణవులకు ఋతువు ననుసరించి పెట్టిన భోజనములను రాయలు వర్ణించిన పద్యములు ప్రసిద్ధములు. వానకాలమున పప్పు, పొరటు కూరలు, వరుగులు, పెరుగు వడియములు. చలికాలమున మిరియము పట్టించిన వేడి కూరలు, ఆవ ఘాటెక్కిన పచ్చళ్లు. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసము, వడపిందెలు, నీరుమజ్జిగ. వీనిలో విందుకంటె గొప్ప విషయము వేరొకటి కలదు. జడివానలో కట్టెలు తడిసి పొగచూరి ఇల్లాలి కన్నులు మండకుండ కొబ్బరి చిప్పలు వంటచెరకుగా వాడినట్లు కవి చెప్పెను. రాజ్యమేలువాడు పొయ్యిలోని పొగను, ఆ పొగకు కలగు కంటిమంటను ఎచ్చట చూచెనో గాని, వాడిన కాయ చిప్పను పారవేయక ఎండబెట్టి ముసురు దినములకు దాచు గృహిణి ఆ పద్యమున మనకు కనిపించును. వరుగులును అట్టివే. ఎండలు కాయునపుడు ఎక్కువైన కూరలను తరిగి ఎండించి, దొరకని కాలమునకు నిలువ చేయుట కేవలము రుచికొరకు కాదు.

ఇందు జాగ్రత్త వహింపవలసిన విషయములు రెండు. మొదటిది, కథాస్థలము శ్రీవిల్లిపుత్తూరు. గృహస్థు పరమ భాగవతుడు. అచ్చటి బియ్యపుటన్నము, నేయి ఉదయగిరి మెట్టపల్లెలోని రైతు ఇంట వెదకినచో దొరకవు. కావ్యమును యథాతథముగ పల్లె చరిత్రగా స్వీకరించుట పొరపాటు. రెండవది, ఆ పద్యములలో మిరియ మున్నదిగాని మిరపకాయ లేదు. ఉండుటకును వీలులేదు, మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి నౌకల వెంట మన దేశమునకు వచ్చి వ్యాపించుటకు తరువాతి కాలము పట్టినది. మిరియమునుబట్టియే క్రొత్త కాయకు మిరపకాయ యను పేరు కలిగినది. నేడు పశ్చిమ నెల్లూరు వంటింట మిరపకాయ లేని పచ్చడిని ఊహింపలేము. వేరుసెనగయు అట్లే సముద్రము దాటి వచ్చినదే. అనగా 'తాతముత్తాతల నాటి వంట' అని మనము గర్వముతో చెప్పుకొనుదానిలో సగము నాలుగైదు శతాబ్దములకు లోపలిది. దీనిని తక్కువచేసి చెప్పుట లేదు. దూరదేశపు కాయను తెచ్చి, పెరటిలో నాటి, రోటిలో దంచి, తనదిగా చేసికొనగలిగిన ఇల్లాలి నేర్పు రాయల జైత్రయాత్రలకంటె చిన్నది కాదని నా అభిప్రాయము.

ఇక పెరడు. ఈ ప్రాంతమున దీనిని దొడ్డి యని కూడ అందురు. ఇంటి వెనుక నాలుగు మూరల చోటున్నను మునగచెట్టు, కరివేపచెట్టు తప్పవు. పందిరికి సొర, బీర, పొట్ల, చిక్కుడు, నేలమీద గోంగూర, తోటకూర, గోడవారను బచ్చలి. దీనికి ప్రత్యేకముగా నీరు తోడిపోయు అలవాటు మెట్టసీమలో అరుదు. బియ్యము కడిగిన కుడితి పశువునకు. గిన్నెలు కడిగిన నీరు, స్నానము చేసిన నీరు కాలువగా తీసి పాదులకు. ఒక బిందె నీరు రెండు మూడు పనులు చేసినతరువాతనే నేలలో ఇంకవలెను. పొయ్యిలోని బూడిద పాత్రలు తోముటకు కొంత, పురుగుపట్టిన ఆకులపై చల్లుటకు కొంత, విత్తనములలో కలిపి దాచుటకు కొంత. ముదిరిన సొరకాయను కోయక తీగననే ఎండనిచ్చి, లోని గుజ్జు తొలగించి బుఱ్ఱగా చేసి, అందు మరుసటి ఏటి విత్తనములు పోసి ఉట్టిమీద నుంచుట నా చిన్నతనమున మా జేజి ఇంట చూచితిని. కాయయే కూర, కాయయే విత్తు, కాయయే పాత్ర.

అయితే ఈ ఏర్పాటును చూచి మురిసిపోవువారు ఒక చిక్కును గమనింపరు. పేడ విషయము చూడుడు. పొలమునకు ఎరువు కావలెనన్న పేడను దిబ్బలో వేయవలెను; పొయ్యి మండవలెనన్న పిడక చేయవలెను. కట్టె దొరకని ఇంట ప్రతి పిడకయు పొలమునకు దక్కని ఎరువే. నెల్లూరు, ఒంగోలు పశువులు లోక ప్రసిద్ధములు. బ్రెజిలు దేశమునకు ఎగుమతియై అక్కడ నెల్లూరి పేరుతోనే వ్యాపించి, ఆ దేశపు మాంస వ్యాపారమునకు పట్టుగొమ్మ యైనవి. ఆ పశువు పుట్టినింట మాత్రము దాని పేడ పొయ్యికా, పొలమునకా అను తగవు ప్రతి ఉదయమును ఇల్లాలే తీర్చవలసి వచ్చెడిది. పొదుపన్నది లోపము లేని వలయము కాదు. ఒకచోట మిగిల్చినది వేరొకచోట తరుగుచునే యుండును.

వంట సంగతియు ఇట్టిదే. రాగి సంగటికి ముందు తిరగలి యున్నది. కొఱ్ఱలకు, ఆరికలకు ముందు రోలు రోకలి యున్నవి. చేట, జల్లెడ, కుంది, కవ్వము, తెడ్డు, గరిటె, ఉట్టి, వీనిలో ఒక్కొక్కదాని పేరు ఒక్కొక్క గంట శ్రమకు గుర్తు. తెల్లవారుజామున తిరగలి త్రిప్పుచు పాడిన పాటలను మనము జానపద గేయములుగ సేకరించితిమి. సిద్ధాంత వ్యాసములు వ్రాసితిమి. పాట ఎన్ని చరణములో లెక్కించితిమిగాని, ఆ పాట సాగినంతసేపు ఎంత పిండి రాలినదో, ఆ పిండి ఎంతమందికి సరిపోయినదో లెక్కింపలేదు. ఇది మన శాఖల లోపము. అందు నాకును భాగము కలదు.

మిగిలిన అన్నమును పారవేయు ప్రసక్తి లేదు. రాత్రి మిగిలినది నీటిలో నానవేసినచో ఉదయమునకు చద్ది. వార్చిన గంజి ఉప్పు వేసికొని త్రాగుటకు, చేనేత బట్టకు పెట్టుటకు. గంజిని కుండలో పులియబెట్టినచో తరవాణి. రాగి అంబలి ఎండలో పనిచేయువారికి. ఊరమిరపకాయ, గుమ్మడి వడియము, మామిడి ఒరుగు ముసురు దినముల కూర. ఈ పదార్థములను నేటి నగరవాసులు ఆరోగ్యకరములని వెలకు కొనుచున్నారు. ఐక్యరాజ్యసమితి 2023 ను చిరుధాన్య సంవత్సరముగ ప్రకటించినది. మంచిదే. కాని ఆరికెన్నము తినుట పల్లెలో ఒకనాడు సిగ్గుపడవలసిన పేదరికమునకు చిహ్నముగ నుండెనన్న మాట ఆ ప్రకటనలలో వినరాదు. 1876-78 నాటి మహాక్షామము మదరాసు రాజధానిని కబళించినపుడు నెల్లూరు జిల్లాయు బాధ ననుభవించినది. అట్టి యేండ్లలో పొదుపునకు అర్థమే లేదు. పొదుపు చేయుటకు ఏదియో ఒకటి యుండవలెను గదా.

చేతిపనులలో చాప, బుట్ట, నులకమంచము, పాతచీరల బొంత వంటివి అంతటను కలవు గనుక విస్తరింపను. ఈ సీమకు ప్రత్యేకమైనది ఉదయగిరి చెక్కపని. దుర్గపు కొండయడవులలో దొరకు నర్ది, బిక్కి, దేవదారి మొదలగు కలపతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, పళ్లెములు చెక్కుట ఉదయగిరి పట్టణమున కొన్ని కుటుంబముల వృత్తి. వీరిలో అధికులు ముస్లిములు. కఱ్ఱను కోసి రూపము తెచ్చుట, పిడిపై నగిషీ చెక్కుట, గరుకు కాగితముతో నునుపు చేయుట ఇంటి వసారాలోనే జరుగును. స్త్రీలు ఈ పనిలో సహాయకులు మాత్రమే కారు, పనివారే. 1999 నాటి చట్టము ననుసరించి ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఉదయగిరి గజపతుల చేతినుండి రాయల చేతికి, తరువాత గోలకొండ, ఆర్కాటు నవాబుల ఏలుబడికి వచ్చి, తుదకు 1840 ప్రాంతమున జాగీరు రద్దై కుంపిణీ పాలనలో కలిసినది. ఈ చేతుల మార్పులలో ఆలయముల ప్రక్కన మసీదులు వెలసినవి. తెలుగు ప్రక్కన ఉర్దూ నిలిచినది. దుర్గము శిథిలమైనది. గరిటె నిలిచినది. అయితే దాని నిలకడకు మూలమైన కలప విషయమున 1882 నాటి మదరాసు అటవీ చట్టమును మరువరాదు. అడవి ప్రభుత్వాధీనమైన పిదప కొండమీది కొమ్మ ఊరివారి సొత్తు కాకపోయినది. మేతకు పుల్లరి కట్టవలసిన ఇట్టి స్థితియే పల్నాటిలో ఉద్యమమై 1922 లో కన్నెగంటి హనుమంతుని ప్రాణమును బలిగొన్నది. ఉదయగిరిలో అట్టి పోరాటము జరుగలేదు. కాని ఒక చెంచాకు కావలసిన జేనెడు కఱ్ఱకును అనుమతి ప్రశ్న వెన్నంటి వచ్చుచున్నప్పుడు, చేతిపని స్వావలంబనమునకు గుర్తు అని ఉపన్యసించుట సులభము, చెక్కుట కష్టము. మరియొక విశేషము. ఈ చెంచాలు చెక్కువారి ఇండ్లలో భోజనము చేతితోనే. చెంచా, ఫోర్కు అమ్మకమునకు. ఇంటి వాడుకకు చేసికొన్న తెడ్డు, సంగటి కట్టె ఏ ప్రదర్శనశాలకును పోలేదు. వస్తుచరిత్ర వ్రాయువారు ఈ రెంటిని వేరుచేసి చూడవలెను.

పొదుపును వ్రతముగ స్వీకరించిన సందర్భము కూడ ఈ జిల్లాలోనే కలదు. పెన్నాతీరమున పల్లిపాడులో దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య ప్రభృతులు నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7 న గాంధీజీ ప్రారంభించెను. దక్షిణాఫ్రికాలోని పార్సీ రుస్తుంజీ విరాళముతో అచ్చటి భవనము వెలసినది. రాట్నము, ఖద్దరు, స్వయంపాకము, నిరాడంబరత ఆశ్రమ నియమములు. చదువుకొన్నవారు, ఉన్నతకులస్థులు తమ యిచ్చతో తక్కువ వస్తువులతో బ్రదుకుట ఆనాడు వార్త యైనది. అదే పెన్నకు ఎగువను చేజర్ల, ఆత్మకూరు పల్లెలలో స్త్రీలు అంతకంటె తక్కువతో తరతరములుగా బ్రదుకుచున్నది వార్త కాలేదు. ఆశ్రమమును ఆక్షేపించుట నా ఉద్దేశము కాదు. కోరి తెచ్చుకొన్న పేదరికమునకును, తప్పని పేదరికమునకును నడుమ ఒక గీత యున్నది. దానిని చెరిపివేసి వ్రాసిన చరిత్రలు మనకు చాలా కలవు.

ఆ గీత ఇవతలినుండి వచ్చిన మాట వినుటకు 1990 దశకమువరకు ఆగవలసి వచ్చినది. కలిగిరి మండలములోని దూబగుంట మెట్టసీమలోని ఒక చిన్న పల్లె. అక్షరాస్యతా కార్యక్రమమున రాత్రి బడులకు వచ్చిన కూలి స్త్రీలు అక్షరములతో పాటు తమ యింటి లెక్కను నేర్చుకొనిరి. సంచులలో నింపి పల్లెపల్లెకు చేరుచున్న సారా, పెరటి కూరలోను సంగటి పిండిలోను తాము మిగిల్చినదానినంతటిని ఒక్క సాయంకాలమున మ్రింగివేయుచున్నదని గుర్తించిరి. 1991-92 లో దూబగుంట స్త్రీలు, వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ, సారా దుకాణమును మూయించిరి. ఆ ఊరి కథ 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠముగ వాచకమునకెక్కి ఇతర గ్రామములకు ప్రాకినది. జిల్లాలో సారా వేలము పాటలు స్త్రీలు అడ్డుకొనుటచే సాగక నిలిచిపోయినవి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధము వచ్చినది; అది 1997 లో సడలింపబడినది. రోశమ్మ 2016 లో మరణించినది.

నిషేధముయొక్క జయాపజయములను రాజకీయ చరిత్రకారులు విచారించిరి. గృహచరిత్ర దృష్టితో ముఖ్యమైనది దాని వెంట వచ్చిన 'పొదుపు లక్ష్మి' పథకము. నెల్లూరు జిల్లాలో స్త్రీలు సంఘములుగ చేరి దినమునకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టుట మొదలిడిరి. సారాకు పోవు రూపాయి సంఘమునకు వచ్చినది. అంతవరకు పొదుపు అనగా వస్తువును రెండుమారులు వాడుట, తాను తినక బిడ్డకు పెట్టుట. అది ధనరూపము దాల్చి, స్త్రీ పేరున, ఒక లెక్కగ వ్రాయబడుట ఇదియే మొదలు. ఆ రూపాయిలో వడ్డీ, అప్పు, బ్యాంకు, ప్రభుత్వ పథకములు తరువాత ప్రవేశించి సంఘముల స్వభావమును చాలవరకు మార్చినవి. 2010 లో సూక్ష్మఋణ సంస్థల ఆగడములను అరికట్టుటకు రాష్ట్రమున ఆర్డినెన్సు తేవలసి వచ్చినదన్న సంగతి తెలిసినదే. ఆ మార్పు వేరొక వ్యాసమునకు తగిన విషయము.

నేను చెప్పదలచినది కాగితమును గురించి. ఇంటిని నడపిన స్త్రీలకు పత్రము పుట్టలేదని పైని అంటిని. ఈ సంఘముల లెక్కపుస్తకములు ఆ మాటకు తొలి అపవాదము. ఆత్మకూరు ప్రాంతమున ఒక యింట అట్టి పాత పుస్తకమును చూచుట తటస్థించినది. మొదటి పుటలలో వేలిముద్రలు. కొన్ని నెలల తరువాత అదే పేరులకు ఎదురుగ, గీతలు వంకరపోయిన సంతకములు. నడుమ ఒక పుటలో రూపాయిల పద్దుల క్రిందనే ఎవరో ఇద్దరికి ఇచ్చిన చిక్కుడు విత్తనముల లెక్కయు వ్రాసి యున్నది. పుస్తకమునకు చెదలు పట్టకుండ వేపాకు పెట్టి, పప్పు డబ్బాలో దాచిరి. దానికి నకలు తీసికొందునని అడిగితిని. 'ఇది మీకెందుకయ్యా, ఇందులో ఏముంది?' అని ఆ యింటి అవ్వ నవ్వినది. కాని ఇచ్చినది, సాయంకాలములోగా తిరిగి తెమ్మని చెప్పి.